డోలు లేని సన్నాయి

మొన్న నాగర్‌కర్నూలులో బడి అయిపోయాక వనపర్తికి తిరిగొస్తుంటే, బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోనులో ఏదో పాత సీరియల్ చూస్తోంది. చెవుల్లో పెట్టుకునేవి మరిచిపోయిందో ఏమో, బస్సంతటికీ వినిపించేలా పెట్టింది. అలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. పొద్దంతా పిల్లల గోల విని వచ్చినదాన్ని, ఇక్కడ కూడా ఇదేనా అని నాలుగు మాటలు అనడానికి నోరు తెరిచాను. అంతలో ఆ ఫోనులోంచి ఒక సన్నాయి వినబడింది. పక్కన డోలు లేదు. సన్నాయి ఒక్కటే కిందిస్థాయిలో మొదలై, మెల్లగా పైకెక్కి, ఇంకేదో చెప్పబోతూ సగంలో ఆగిపోయింది. నేను ఆ ఫోను వైపు వంగాను. "ఏమైంది మేడమ్, సౌండ్ తగ్గియ్యాల్నా?" అని ఆ పిల్ల అడిగితే, "వద్దు బిడ్డా, జర పెంచు" అన్నాను. వనపర్తి వచ్చేదాకా నేను ఆ బస్సులో లేను, గద్వాలలో మా మగ్గం ఇంటి గడప మీద కూర్చుని ఉన్నాను.

మాది నేసేవాళ్ల ఇల్లు. వీధి వైపు ఒక అర్ర, దాని వెనక మగ్గం ఇల్లు, ఆ వెనక వంట. ఎవరు లోపలికి అడుగు పెట్టినా ముందు తగిలేది గంజి వాసన. పడుగు దారాలకు పెట్టే గంజి అది, పుల్లగా, కొంచెం మాడినట్టు ఉంటుంది. నా పుస్తకాలకు కూడా అదే వాసన ఉందని ఇంటర్‌లో స్నేహితురాళ్లు ఏడిపించేవాళ్లు. నాకు సిగ్గు వేసేది కాదు, కోపం వచ్చేది. పొద్దున అమ్మ జొన్నరొట్టెలు కొట్టే చప్పుడుతో మెలకువ వచ్చేది, అది ఆగకముందే నాయన మగ్గం చప్పుడు మొదలయ్యేది. గద్వాల చీరకు ఒంటికి నూలు, అంచుకు పట్టు. రెండూ కలిసే చోట ప్రతి వరుసలోనూ నూలు పోగుకీ పట్టు పోగుకీ మెలిక వేయాలి కాబట్టి మగ్గం మీద ఇద్దరు ఉండాల్సిందే. నాయన మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసేవాడు. అంచు వైపు పీట మీద ఆయన చెల్లెలు, మా జములమ్మ అత్త, కూర్చుని పట్టు దారం ఉన్న, చిన్న పడవలాంటి నాడెను అందించేది. వరుస పడగానే నాయన దువ్వెన లాంటి పన్నెను ముందుకు లాగి ఒక దెబ్బ వేసి పోగును బిగించేవాడు. ఆ దెబ్బ కాసేపు వినబడకపోతే పక్కింటివాళ్లు ఏమైందని వచ్చి అడిగేవాళ్లు.

అత్తకు పెళ్లయిన ఏడాదిలోపే ఆమె మొగుడు గోయిందు మామ బొంబాయి దగ్గరి భివండికి పోయాడు. అక్కడ కరెంటు మగ్గాల మీద పని దొరుకుతుందని మావైపు నుంచి చాలామంది పోయేవాళ్లు. మొదట్లో బజారులో ఉన్న ఎస్టీడీ డబ్బాకు ఆయన ఫోను చేసేవాడు, అత్త తలకు నూనె రాసుకుని, కొత్త చీర కట్టుకుని పోయి మాట్లాడి వచ్చేది. తర్వాత ఫోను ఆగిపోయింది. మనిషి ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు కూడా లేరు. అత్తగారింట్లో మాటలు పడలేక అత్త మా ఇంటికొచ్చి నాయన పక్కన పీట మీద కూర్చుంది. వడ్డేపల్లి నుంచి చుట్టాలు వచ్చి మారుమనువు సంగతి ఎత్తితే, "ఆయన వస్తడు" అని ఒక్క ముక్క అని నాడె అందుకునేది. నాయన తల్లిని మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ ప్రతి మంగళవారం, అత్తకు ఎవరి పేరు పెట్టారో ఆ దేవత జములమ్మ గుడికి పోయి, అల్లుడు వస్తే కోడిని కోస్తానని మొక్కేది. మొక్కులు అలా పెరిగిపోయి, ఆయన నిజంగా వస్తే మా వీధిలో కోళ్లు మిగిలేట్టు లేవు. మామ వస్తాడా, వచ్చి అత్తను తీసుకుపోతాడా అన్నదే ఇంట్లో అందరి ఆరాటం. నేను మాత్రం ఆయన రాకూడదని కోరుకునేదాన్ని. అత్త పోతే నాకు జడ వేసేవాళ్లు ఎవరు?

బస్సులో విన్న ఆ సీరియల్ అప్పట్లో దీపాలు పెట్టే వేళకు వచ్చేది. అవ్వ ముందుగానే మొహం కడుక్కుని, నశ్యం పీల్చి, టీవీకి ఊదుబత్తి చూపించి ఎదురుగా కూర్చునేది. అవ్వ టీవీ చూసేది కాదు, టీవీతో మాట్లాడేది. "వాని మాట నమ్మకు బిడ్డా, వాడు ముంచుతడు" అని హీరోయిన్‌కు చెప్పి, ఆ పిల్ల వినకుండా నమ్మితే మూడు రోజులు దాని మీద అలిగేది. పక్కింటి ఖాజాబీ ఖాలా కూడా వచ్చేది. ఖాలా ఇంట్లో కూడా టీవీ ఉంది, కానీ ఏడవడానికి తోడు కావాలని మా ఇంటికే వచ్చేది. పెళ్లయిన కొత్తలో ఓడ మీద పనికి పోయి జాడ తెలియకుండా పోయిన మొగుడి కోసం ఒక ఇల్లాలు ఎదురుచూడటమే కథ. అది మా అత్త కథేనని ఎవరూ పైకి అనలేదు. మొదటి వారం తర్వాత అవ్వ మాత్రం, "జముల వింటే బాధపడ్తది, సౌండ్ తగ్గియ్యి" అంది. లోపలి నుంచి అత్త, "తగ్గియ్యకు, నాకు వినబడాలె" అని అరిచింది.

ఆ సీరియల్‌ను అత్త ఒక్కనాడూ చూడలేదు. వెలుతురు పోయేలోపు పని ఒక కొలిక్కి రావాలి, మెలిక మీది నుంచి చూపు తిప్పితే అంచు చెడిపోతుంది. పైగా మగ్గం టకటకల్లో టీవీలోని మాటలు ఒక్కటీ లోపలికి పోయేవి కావు. గోడ దాటి పోయేది సంగీతం ఒక్కటే. ఆ సీరియల్‌కు బాణీలు కట్టిన ఆయన ఎవరో గానీ, ఎక్కడి నుంచో తెచ్చి అతికించినవాడు కాదు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క బాణీ కొత్తగా కట్టాడు. గయ్యాళి అత్తగారు వచ్చే ముందు వీణ తీగను ఎవరో కసిగా లాగినట్టు ఉండేది. మరిది వస్తే తబలా దొర్లేది. ఆ ఇల్లాలు మొగుణ్ణి తలుచుకున్నప్పుడు సన్నాయి వచ్చేది. పేర్లు పడేటప్పుడు ఆయన పేరు కూడా పడే ఉంటుంది, మేం ఎవరం చదవలేదు.

ఒకసారి నాకు జడ వేస్తుంటే అడిగాను. "అత్తా, మాటలే వినబడవు గద, కథ నీకెట్ల తెలుస్తది?"

"సన్నాయి వినబడ్తది గద. మా పెండ్లిల ఊదినట్లే ఉన్నది. డోలు ఒక్కటే లేదు" అంది అత్త. జడకు రిబ్బను కట్టి, "ఆమె గూడ నా లెక్కనే పందిట్ల ఒక్కతే కూసున్నట్లున్నది" అంది.

అప్పటి నుంచి నేను కూడా గడప మీద కూర్చుని, అర్ర వైపు ఒక చెవి, మగ్గం వైపు ఒక చెవి పెట్టేదాన్ని. అప్పుడు తెలిసింది, మా ఇంట్లో ఆ సన్నాయికి డోలు ఉంది. టీవీలో సన్నాయి ఎత్తుకోగానే నాయన పన్నె దెబ్బ మెల్లగా దాని వరుసలోకి వచ్చి చేరేది. నాయనకు సంగీతం అంటే ఏమిటో తెలియదు, సీరియళ్లంటే చిరాకు. కావాలని కొట్టేవాడని ఇప్పటికీ అనుకోను. కానీ సన్నాయి పైకెక్కేటప్పుడు దెబ్బ కొంచెం ఆగి పడేది. అది సగంలో ఆగిపోయాక కూడా మా ఇంట్లో దెబ్బ ఆగేది కాదు, వరుస వెనక వరుస పడుతూ ఉండేది.

ఒక సాయంత్రం సీరియల్‌లో మొగుడు తిరిగొచ్చాడు. గడ్డంతో, చేతిలో సంచితో గుమ్మంలో నిలబడ్డాడు. వయొలిన్లు ఒక్కసారిగా లేచాయి, ఢంకాలు మోగాయి. అవ్వ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఖాలా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అవ్వ అంతటితో ఆగలేదు. వంటింట్లోకి పోయి కొబ్బరికాయ తెచ్చి టీవీ ముందు కొట్టి, పసుపు గిన్నెతో మగ్గం ఇంట్లోకి పరిగెత్తింది. "జములా, లే! కాళ్లకు పసుపు రాస్త. ఆమె మొగుడు వచ్చిండు. ఇగ నీ మొగుడు గూడ వస్తడు, జములమ్మ తల్లి గిట్లనే చెప్తది."

అత్త తలెత్తలేదు. "ఆయన గాదమ్మా" అంది.

"ఆయన గాకపోతె ఎవరే? గుమ్మంల నిలబడ్డడు, నేను సూసిన గద!"

"సన్నాయి రాలే."

ఖాలా గడపలో నిలబడి నవ్వింది. "క్యా రే జములా, మేము కండ్లతోని చూస్తిమి, నువ్వు చూడకుంటనే కాదంటవా?" అత్త పట్టు పోగుకు మెలిక వేసింది. అవ్వకు పరువు పోయినట్టయింది. ఆ రాత్రి కొబ్బరి చట్నీ అత్తకు వేయలేదు.

కొన్ని వారాల తర్వాత, వచ్చినవాడు మొగుడు కాదని, అతని పోలికలు ఉన్న మోసగాడని కథలో బయటపడింది. ఇన్నాళ్లూ అతను పక్కనున్న ఏ సందర్భంలోనూ సన్నాయి మోగలేదన్న సంగతి మేం అప్పుడు గుర్తు చేసుకున్నాం. మాటలతో కథను దాచిపెట్టినవాళ్లు సంగీతంలో నిజం చెబుతూనే వచ్చారు, మేం టీవీ ముందు కూర్చుని బొమ్మలు చూసి మోసపోయాం. దాంతో మా వీధిలో అత్తకు పేరు వచ్చింది. బిందెలతో నీళ్లకు పోయే ఆడవాళ్లు కిటికీ దగ్గర ఆగి, "జములక్కా, కడుపుతోని ఉన్న ఆ పిల్ల బతుకుతదా?" అని అడిగిపోయేవాళ్లు. అవ్వ మాత్రం అత్త జోస్యానికి తానే కారణమైనట్టు, "నా బిడ్డ గద" అని నశ్యం పీల్చేది.

గోయిందు మామ నిజంగా వచ్చింది ఆ తర్వాతే. ఒక మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అర్రలో బక్కపలచటి మనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. జబ్బు చేసిందని, మొహం చెల్లక రాలేదని, తప్పయిందని నాయన కాళ్లు పట్టుకున్నాడట. ఇప్పుడు భివండిలో ఒక గది తీసుకున్నానని, జములమ్మను తీసుకుపోతానని అన్నాడు. నేను ఊహించుకున్నట్టు ఆయన దుర్మార్గుడిలా లేడు, అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. అమ్మ నీళ్లిస్తే రెండు చేతులతో అందుకున్నాడు. అత్తకు ఒక చీర తెచ్చాడు. తను పనిచేసే కరెంటు మగ్గం మీద నేసినది, గద్వాల అంచులాగే అంచు. నేసే ఇంటికి, అందులోనూ మా అత్తకు, అలాంటి చీర తేవాలని మరెవరికీ తోచదు. అత్త బొటనవేలితో అంచు కలిసే చోటును తడిమి చూసింది. అక్కడ మెలిక లేదు. "మంచిగున్నది" అని మడిచి పెట్టెలో పెట్టింది.

అవ్వ కోళ్ల మొక్కుల్లో కొన్ని తీరాయి. రెండు మూడు రోజులు ఇల్లంతా చుట్టాలు. అందరూ అత్త మొహంలోకి చూసేవాళ్లు, అత్త మగ్గంలోకి చూసేది. పోతానని గానీ పోనని గానీ అనలేదు. నాయన కూడా అడగలేదు. అడిగితే తన మాట కోసం పోతుందని భయపడ్డాడని అమ్మ తర్వాత చెప్పింది.

అలాంటి ఒక సాయంత్రమే సీరియల్‌లో అసలు మొగుడు వచ్చాడు. ఈసారి వయొలిన్లు లేవు, ఢంకాలు లేవు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత సన్నాయి ఎప్పటిలాగే కింద మొదలై, మెల్లగా పైకెక్కింది. ఎప్పుడూ ఆగిపోయే చోటుకు వచ్చింది. ఆగలేదు. కింద నుంచి డోలు వచ్చి చేరింది, చాలా మెత్తగా, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు. బాణీ పూర్తయింది. మగ్గం ఇంట్లో పన్నె దెబ్బ ఆగిపోయింది. అత్త లేచి వచ్చి గడపలో నిలబడింది. ఆ సీరియల్ మనుషుల మొహాలు అత్త చూడటం అదే మొదటిసారి.

అవ్వ ఏడుస్తోంది, ఖాలా ఏడుస్తోంది, నేను ఏడుస్తున్నాను. కానీ మా అందరికంటే ఎక్కువగా ఏడుస్తున్నది గోయిందు మామ. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, వీపు అదిరేలా ఏడుస్తున్నాడు. అవ్వ పొంగిపోయింది. "చూడవే, నీ మీద ఎంత పానమో నా అల్లునికి!"

అత్త ఆయన ముందు వచ్చి కూర్చుంది. మామ తల ఎత్తకుండానే అన్నాడు. "భివండిల ఆమె గూడ రోజు చూస్తుండె. ఇది అయ్యేదాంక అన్నం పెట్టకపోతుండె. ఆయన వస్తడా రాడా అని అడుగుతుండె నన్ను. ఆయన వచ్చింది చూడకనే పాయె."

ఖాలా మెల్లగా లేచి టీవీ ఆపేసింది.

"ఆమె పేరేంది?" అని అడిగింది అత్త.

"సావిత్రి."

"ఏమైండె?"

"కామెర్లు. దవాఖానల చూపిచ్చిన. బతుకలే."

అత్త లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తాగేదాకా అక్కడే ఉంది. అరవలేదు, తిట్టలేదు. నాకు మాత్రం ఆయన్ను వీధిలోకి గెంటాలనిపించింది. తర్వాత అత్త మగ్గం ఇంట్లోకి వచ్చి నాయన ఎదురుగా నిలబడింది. "అన్నా, నేను పోను" అంది. "ఆయన ఇంక ఆమె కోసమే ఏడుస్తుండు. ఏడ్వనియ్యి. నేను పోతె, నా ముందర ఏడ్వలేడు, నేను గూడ గా పాట ఎప్పుడొచ్చినా ఆమెనే యాది చేసుకుంట. ఇన్నేండ్లు నేను ఎదురుచూసిన మనిషి ఈయన గాదు. పాపం, ఈయన తప్పు గూడ గాదు."

అవ్వ గుండెలు బాదుకుంది. వచ్చిన మొగుణ్ణి కాలదన్నుకుంటావా, సీరియల్ చూసి నీ తలకాయ ఖరాబైంది అంది. అత్త చూడలేదు కదా, విన్నది కదా అని నేను అనబోతే అమ్మ నా నోరు మూసింది. అందరూ నాయన వైపు చూశారు. అత్త ఆ ఇంట్లో ఉండాలా, పోవాలా అన్నది ఆయన ఒక్క మాటలో ఉంది. ఉంచుకుంటే రేపు వడ్డేపల్లి చుట్టాలు ఏమంటారో ఆయనకు తెలుసు. నాయన మగ్గం వైపు తిరిగాడు. గుంటలోకి దిగి, కాళ్లు సర్దుకుని కూర్చున్నాడు.

"జములా, చీకటైతుంది. పట్టు నాడె అందుకో" అన్నాడు.

అత్త పీట మీద కూర్చుంది. పన్నె దెబ్బ పడింది. అప్పుడు ఏడ్చింది అత్త, నాడె అందిస్తూనే.

మర్నాడు పొద్దున మామ వెళ్లిపోయాడు. అవ్వ కోపం కోపమే, దారిలో తినమని నువ్వులు అద్దిన సజ్జరొట్టెలు కట్టి ఇచ్చింది. అత్త ఆ చీర తెచ్చి ఆయన సంచిలో పెట్టింది. "ఆమె పోయి ఏడాదైన నాడు ఎవరన్న ముత్తైదువకు పెట్టు, ఆమె పేరు చెప్పి" అంది. ఆయన వీధి మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అత్త చెయ్యి ఊపింది. ఆయన మీద నాకున్న కోపం పోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు వనపర్తిలో అత్త నా దగ్గరే ఉంది. నిరుడు నాయన పోయాక మగ్గం విప్పేశాం, గుంట పూడ్చేశాం. అత్త ఇప్పటి సీరియళ్లు చూస్తుంది, కళ్లద్దాలు పెట్టుకుని, బొమ్మలే చూస్తుంది. పాలు పొంగినా, మనిషి పోయినా ఒకే ఉరుము, ఒకే మూడు దెబ్బలు. ఎవరికీ తమదంటూ ఒక బాణీ లేదు. కట్టడానికి మనుషులు లేరని కాదు, కట్టించే ఓపిక లేదు, వినే చెవులు కూడా తగ్గాయి. నాతో సహా అందరం వంట చేస్తూనో, ఫోను చూస్తూనో వింటాం. అప్పుడు మేం పనిలో ఉండి విన్నాం కదా అంటారేమో. అవును, కానీ చేతులు పనిలో ఉండేవి, చెవులు ఖాళీగా ఉండేవి.

బస్సులో ఆ అమ్మాయిని అడిగి ఆ సీరియల్ ఎక్కడ దొరుకుతుందో తెలుసుకున్నాను. ఇంటికి రాగానే, అసలు మొగుడు తిరిగొచ్చే భాగం వెతికి, అత్త మంచం మీద కూర్చుని ఫోను పెట్టాను. ఏమిటో చెప్పలేదు. కళ్లద్దాల కోసం తడుముకున్న అత్త చెయ్యి, సన్నాయి వినగానే ఆగిపోయింది. కళ్లు మూసుకుంది. సన్నాయి పైకెక్కి, డోలు వచ్చి చేరగానే, "ఆపు బిడ్డా" అంది.

"ఎందుకత్తా? ఇదే గద మంచిగుండేది?"

"గా డోలు వాళ్లది. మనింట్ల డోలు మీ నాయినది." ఫోను నా వైపు తోసి అంది. "ముందరిది పెట్టు. సగంల ఆగుతది చూడు, అది."

పాత భాగం ఒకటి వెతికి పెట్టాను. సన్నాయి మొదలైంది. అత్త అరచెయ్యి మంచం పట్టె మీద పడింది, మళ్లీ లేచి పడింది. అదే వేగం, పైకెక్కే చోట అదే చిన్న ఆగుడు. అది నాయన చెయ్యే. నాయన పోయిన రోజు నుంచి నేను అలా ఏడవలేదు. ఫోనులో సన్నాయి ఎప్పుడూ ఆగే చోటికి వచ్చి ఆగిపోయింది. అత్త చెయ్యి మాత్రం ఇంకా చాలాసేపు కొడుతూనే ఉంది.